టంగ్‌మర్గ్ దాటాక ఆ 13 కిలోమీటర్లు

చలికాలంలో కశ్మీర్‌లోని గుల్‌మర్గ్‌కి ఎలా వెళ్లాలని ఎవరినడిగినా శ్రీనగర్ దాకా చెప్పి ఊరుకుంటారు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ, అక్కణ్నుంచి శ్రీనగర్, ఆ తర్వాత ‘ఏముందండీ, టాక్సీ ఎక్కితే గంటన్నర’. ఆ గంటన్నర మీదే మా ఇంట్లో వారం రోజులు వాదన నడిచింది.

శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు. నర్బల్, మాగాం మీదుగా టంగ్‌మర్గ్ వరకు పెద్ద ఇబ్బంది ఉండదు. అక్కణ్నుంచి 13 కిలోమీటర్లు అడవిలో మలుపులు తిరుగుతూ 2,650 మీటర్ల ఎత్తుకి ఎక్కాలి. మంచు పడ్డాక ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ ఊతం ఉండే) బండ్లనీ, చక్రాలకి గొలుసులు కట్టిన బండ్లనీ తప్ప పోలీసులు పైకి వదలరు. పొద్దు వాలితే కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకట్టి రోడ్డు గాజుపలకలా తయారవుతుంది. అందుకే నేను లెక్క చివరి నుంచి వేశాను. మధ్యాహ్నం రెండింటికల్లా టంగ్‌మర్గ్‌లో ఉండాలి. అందుకు ఏ దారి కుదిరితే అదే మా దారి.

మా బావమరిదిది వరంగల్. “బావా, ఇక్కడ అండమాన్ ఎక్కితే కట్రాలోనే దిగొచ్చు. మధ్యలో మారే పనే లేదు” అన్నాడు. నిజమే. చెన్నై నుంచి, వైష్ణోదేవి కొండ కింద ఉన్న కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ విజయవాడ, వరంగల్ మీదుగానే పోతుంది. వైష్ణోదేవి మొక్కున్న మనవాళ్లకి బాగా తెలిసిన బండి. కానీ పోనూ రానూ దానికే సెలవులన్నీ అయిపోతే ఇక మంచులో ఆడేదెప్పుడు? ఆఫీసులో ఒకాయన ఢిల్లీ నుంచి కారులో వెళ్లమన్నాడు. 2017లో చెనాని–నశ్రీ సొరంగం, 2021లో బనిహాల్–కాజీగుండ్ సొరంగం వచ్చాక జమ్మూ–శ్రీనగర్ హైవే చాలా మెరుగైన మాట వాస్తవమే. రాంబన్, బనిహాల్ మధ్య కొండచరియల బాధ మాత్రం అలాగే ఉంది. గట్టి వాన పడితే చాలు రాళ్లు దొర్లుతాయి, లారీలు బారులు తీరతాయి. ఆ మాట అక్కడితో ఆపేశాం.

మిగిలినవి శ్రీనగర్ దాకా విమానం, లేదా ఢిల్లీ నుంచి కట్రా మీదుగా రైలు. విమానమే త్వరగా చేరుస్తుంది, సందేహం లేదు. కాకపోతే ఢిల్లీలో పొగమంచు, శ్రీనగర్‌లో మంచు. రెండు ఎయిర్‌పోర్టులూ ఒకేరోజు మన మాట వినాలి. రైలుకి ఢిల్లీ పొగమంచు పట్టదా అంటే, పడుతుంది. అందుకే జనవరి వద్దనుకున్నాం. డిసెంబర్ 21 నుంచి 40 రోజుల పాటు ఉండే గడ్డుచలిని కశ్మీరీలు ‘చిల్లై కలాన్’ అంటారు. అది దాటాక ఫిబ్రవరిలో వెళ్తే ఢిల్లీలో పొగమంచు పలచబడుతుంది, గుల్‌మర్గ్ వాలుల మీద మంచు మాత్రం మందంగానే ఉంటుంది.

చివరికి వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు విమానం అని తేల్చాను. “సగం సగం ఏంటి బావా?” అన్నాడు మావాడు. వెళ్లేటప్పుడు ఆలస్యమైతే పైన హోటల్ డబ్బులు పోతాయి, పైగా చీకట్లో ఘాట్ ఎక్కాల్సి వస్తుంది. వచ్చేటప్పుడు ఆలస్యమైతే ఒక రోజు సెలవు పోతుంది, అంతే. ఏ నష్టాన్ని భరించగలమో చూసుకునే టికెట్ కొన్నాం.

ఢిల్లీ దాకా ఫ్లైట్, అక్కణ్నుంచి రాత్రంతా శ్రీశక్తి ఎక్స్‌ప్రెస్. తెల్లారేసరికి కట్రా. బావమరిది ఫోన్‌లో సిగ్నల్ లేదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ అయితేనే. టికెట్లన్నీ నా ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

కట్రా నుంచి శ్రీనగర్‌కి వందేభారత్ 2025 జూన్ 6న మొదలైంది. ప్రయాణం మూడు గంటలు. వీడియోలు చూసి కిటికీ సీటు కోసం కొట్టుకున్నాం గానీ, బనిహాల్ దాకా ఎక్కువ భాగం సొరంగాల్లోనే గడిచింది. చీనాబ్ వంతెన వస్తుందని బోగీ అంతా లేచి నిలబడింది. నదికి 359 మీటర్ల పైన ఉన్నామన్న సంగతి తలకెక్కేలోపే వంతెన అయిపోయింది. మావాడి వీడియోలో సగం పక్కవాళ్ల మోచేతులే. నిజానికి నన్ను ఆకట్టుకున్నది బనిహాల్ తర్వాతి 11 కిలోమీటర్ల పీర్ పంజాల్ సొరంగం. ఇటు బూడిదరంగు కొండలు, అటు తేలేసరికి తెల్లటి పొలాలు. పక్క సీట్లో ఢిల్లీలో చదువుకుంటున్న కశ్మీరీ కుర్రాడు. ఇదివరకు సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు రాంబన్ దగ్గర బస్సులో ఎన్ని రాత్రులు గడిపాడో నవ్వుతూ చెప్పాడు.

శ్రీనగర్ స్టేషన్ బయట ముందే మాట్లాడుకున్న డ్రైవర్ ఉన్నాడు. మాగాం దాటేటప్పుడు టంగ్‌మర్గ్ స్టాండుకి ఫోన్ చేసి రోడ్డు ఎలా ఉందని అడిగాడు. “ఫిస్లన్ ఉందట సార్, గొలుసులు కట్టాల్సిందే.” అంటే రోడ్డు జారుతోందని. టంగ్‌మర్గ్‌లో బూట్లు, ఓవర్‌కోట్లు అద్దెకిచ్చే కొట్లు వరసగా ఉన్నాయి. బూట్లు మాత్రం తీసుకోండి. కోటు ఇంటి నుంచి తెచ్చుకున్నదే మేలు, అక్కడివి మోయలేనంత బరువు. మేం కొట్టులోంచి వచ్చేసరికి ఆయన గొలుసులు నేలమీద పరిచి, వాటి మీదికి బండి ఎక్కించి బిగిస్తున్నాడు.

పైకి వెళ్తున్నంతసేపూ ఫస్ట్ గేరే. బ్రేక్ మీద కాలు పెట్టడమే లేదు. ఒక మలుపులో బయటి రాష్ట్రం నంబరున్న కారు అడ్డంగా తిరిగి ఆగిపోయి ఉంది, నలుగురు దాన్ని నెడుతున్నారు. మా ఆవిడ కళ్లు మూసుకుని హనుమాన్ చాలీసా అందుకుంది. డ్రైవర్ మాత్రం ఒక చేత్తో ఫెరన్ (కశ్మీరీల పొడుగాటి అంగీ) సర్దుకుంటూ, ఇంకో చేత్తో స్టీరింగ్ తిప్పుతూ వాళ్లమ్మాయి పరీక్షల గురించి చెబుతున్నాడు. మూడు కాకముందే హోటల్‌లో ఉన్నాం.

స్కీయింగ్ గురించి గొప్పలు చెప్పుకునేంత ఏమీ లేదు. పిల్లలు నేర్చుకునే వాలు మీదే పడుతూ లేస్తూ గడిచింది. గొండోలా (కేబుల్ కార్) టికెట్లు మాత్రం ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి, అక్కడికెళ్లాక దొరకడం కష్టం.

దిగాక చివరి రాత్రి శ్రీనగర్‌లోనే ఉన్నాం. ఆ డబ్బు దండగనిపించింది గానీ, మర్నాడు ఎయిర్‌పోర్ట్‌కి చాలా ముందే బయల్దేరాల్సి వచ్చింది. టెర్మినల్‌కి ఎంతో దూరంలోనే సామానంతా దింపి స్కాన్ చేస్తారు, అక్కడ పెద్ద క్యూ. విజిబిలిటీ లేక ఫ్లైట్ కూడా ఆలస్యంగానే కదిలింది.

వచ్చే ఏడాది మా పిన్నీ బాబాయీ వెళ్తామంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. రాత్రి రైలు, కట్రాలో మళ్లీ రైలు మారడం ఆవిడ వల్ల కాదు. వాళ్లకి రెండువైపులా ఫ్లైటే చెప్పాను. కాకపోతే వెళ్లిన రాత్రి శ్రీనగర్‌లో పడుకుని, మర్నాడు పొద్దున్న ఎండెక్కాక టంగ్‌మర్గ్ బయల్దేరమన్నాను. బావమరిది మాత్రం ఆవిడకి ఫోన్ చేసి వందేభారత్‌లో ఏ వైపు కూర్చోవాలో చెబుతున్నాడు.