రోహిణి ఎండల్లో మా పెరడు

ఈ రోజుల్లో నాకు అలారం అక్కర్లేదు. ఇంకా వెలుగు రాకముందే కోకిల మొదలెడుతుంది, ఒక్కో కూతకీ గొంతు పెంచుకుంటూ.

లేచి పెరట్లోకి వెళ్తే చిన్నరసం మామిడి చెట్టు కింద రెండు పళ్ళు రాలి ఉన్నాయి. ఒకదాన్ని ఏదో కొరికింది. చిలక కొట్టిన పండే తీపి అని నాన్న కొరికినంత మేర చాకుతో తీసేసి మిగతాది తినేవారు. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ వచ్చినప్పటి నుంచి అమ్మ ఒప్పుకోవడం లేదు, రాత్రి ఏ గబ్బిలం ముట్టిందో ఎవరికి తెలుసు అంటుంది. అమ్మ మాటే కరెక్ట్. దాన్ని చీమలకి వదిలేశాను.

బాగున్న పండుని కాసేపు నీళ్ళలో వేసి, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, తొడిమ దగ్గర సొన పిండేసి, అక్కడే అరుగు మీద కూర్చుని పీల్చాను. రసం మోచేతి దాకా కారింది. నూజివీడు వైపు పుట్టినందుకు ఏడాదికోసారి ఇలా గర్వంగా ఉంటుంది నాకు.

పదింటికే రోళ్ళు పగిలే ఎండ. గోడ మీద మట్టి మూకుడులో నీళ్ళు పోసి కిటికీ దగ్గర కూర్చున్నాను. ముందు ఉడత వచ్చింది, వెనక కాళ్ళు గోడకే ఆనించి, ముందు కాళ్ళు మూకుడు అంచు మీద పెట్టి, తాగుతున్నంతసేపూ తోక ఆడిస్తూనే ఉంది. తర్వాత పికిలిపిట్టల జంట. అవి బొప్పాయికి ముందే కన్నం పెట్టేశాయి, చెట్టునే పండనిద్దామని నేను కొయ్యకుండా ఉంచిన కాయ అది. మధ్యాహ్నం ఆ కన్నం దగ్గరికే ఆడకోకిల వచ్చి వాలింది. గోధుమరంగు ఒంటి నిండా తెల్ల చుక్కలు, ఎర్రటి కళ్ళు. కూసేది నల్లటి మగదే కాబట్టి దీన్ని వేరే పిట్ట అనుకునేదాన్ని చాలా ఏళ్ళు. చడీ చప్పుడు లేకుండా ఎర్రటి గుజ్జు ముక్కుతో తీసి మింగుతూ పావుగంట ఉంది. ఫోన్ కోసం లేస్తే ఎగిరిపోతుందేమోనని కదల్లేదు.

సాయంత్రం చల్లబడ్డాక తమ్ముడు చిక్కం వేసి కాయలు కోశాడు. పై కొమ్మవి వదిలెయ్యరా అన్నాను. ఇంకో పది ఉంటాయక్కా అన్నాడు వాడు. "ఉండనీరా, ఈ ఎండలో పిట్టలు మాత్రం ఎక్కడికి పోతాయి" అంది అమ్మ. వాడు చిక్కం దించేశాడు.

కోసినవి గడ్డిలో మాగేశాం. ఇప్పుడు రాత్రి పది దాటింది, ఇల్లంతా మామిడి వాసన, సపోటా చెట్టులో గబ్బిలాల రెక్కల చప్పుడు. ఇందాకే ఓ కాయ రేకు మీద పడింది.