బూగెమెజ్ లోయలో ఒక ఇంటి అతిథిగా

మొరాకోలోని మర్రాకేష్ నుంచి అజిలాల్ మీదుగా కొండదారి పట్టి వెళితే, హై అట్లాస్ పర్వతాల నడుమ సుమారు 1,800 మీటర్ల ఎత్తున అయిత్ బూగెమెజ్ లోయ వస్తుంది. పర్యాటకుల కోసం దీనికి ‘ఆనందాల లోయ’ అని పేరు పెట్టారు. దక్షిణాన 4,071 మీటర్ల మ్గూన్ పర్వతం, దిగువన యాపిల్, అక్రోటు చెట్లు, వాటి మధ్య బార్లీ మడులు చూసినప్పుడు ఆ పేరు సరిగ్గానే ఉందనిపించింది. ఒక అమజీగ్ (బెర్బర్లని కూడా పిలిచే ఉత్తర ఆఫ్రికా మూలవాసుల) కుటుంబంతో కలిసి ఉన్నాక మాత్రం, ఆ ఆనందం ఎవరి రెక్కల కష్టం మీద నిలిచి ఉందో తెలిసింది.

నేను దిగిన ఇల్లు రాళ్లతోనూ, దిమ్మిస చేసిన మట్టితోనూ కట్టినది. కింద పశువులు, పైన మనుషులు. దూలాల మీద కొమ్మలు, రెల్లు పరిచి మట్టి మెత్తిన చదును మిద్దె. ఆడదాన్ని కావడం వల్ల వంటింట్లోకి చనువుగా వెళ్లగలిగాను. ఆ ఇంటి పెద్దావిడ తెల్లవారకముందే పిండి పిసికి, ఎండు పుల్లలు ఎగదోసి, మట్టి పొయ్యిలో రొట్టెలు కాల్చేది. పొగకు కళ్లు నీళ్లు కారుతున్నా చెయ్యి ఆగేది కాదు. ఆ పని ముగియగానే కోడలితో కలిసి పొలానికి వెళ్లి, నడుము వంగిపోయేంత పచ్చిగడ్డి మోపును వీపున కట్టుకుని తిరిగి వచ్చేది.

టీ కాచడం మాత్రం ఇంటి యజమాని వంతు. శంకువు ఆకారపు గట్టి చక్కెర దిమ్మను చిన్న సుత్తితో పగలగొట్టి, చైనా నుంచి వచ్చే గ్రీన్ టీని, పుదీనాను కూజాలో మరిగించి, తొలి గ్లాసును మళ్లీ కూజాలోకే ఒంపి, ఆ తరువాత నురగ వచ్చేలా ఎత్తు నుంచి పోసేవాడు. అతిథులు ఫోటోలు తీసేది ఈ ఘట్టాన్నే. రొట్టెల పొయ్యి దగ్గర కెమెరాలు ఉండవు.

రాత్రి అందరం ఒకే తజీన్ (మట్టిపాత్రలో సన్నని సెగ మీద వండే కూర) చుట్టూ కూర్చుని, కుడిచేత్తో రొట్టె తుంచి, ఎవరి వైపు ఉన్నది వారు అద్దుకుని తినేవాళ్లం. చేత్తో తినే అలవాటున్న నాకు అందులో ఇబ్బందేమీ కలగలేదు; మాంసం ముక్కలను పెద్దావిడ నా వైపే నెడుతూ ఉండటమే మొహమాటపెట్టేది.

ఈ లోయలో వ్యవసాయం ఊటల నుంచి తవ్వుకున్న కాలువల మీద, నీటి వంతుల మీద ఆధారపడి ఉంది. వంతు అర్ధరాత్రి వచ్చినా కొడుకు లాంతరు పట్టుకుని వెళ్లి మడవ కట్టి రావలసిందే. మనుమడు బడిలో నేర్చుకున్న, అమజీగ్ భాషను రాసే తిఫినాగ్ లిపి అక్షరాలు నాకు రాసి చూపించాడు. 2011 రాజ్యాంగం అమజీగ్ భాషకు అధికార హోదా ఇచ్చింది. జీవితమంతా ఆ భాషే మాట్లాడిన నాయనమ్మ మాత్రం వాడి బడి పుస్తకాన్ని చూసి నవ్వి పక్కన పెట్టేసింది.

ఇలాంటి ఇళ్లలో బసకు, భోజనానికి ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోవడం ఉభయులకూ మంచిది. బయలుదేరేటప్పుడు ఆ డబ్బును నేను పెద్దావిడ చేతిలోనే పెట్టాను. భర్త ఎదుటే ఆమె ఒక్కో నోటూ లెక్కపెట్టుకుని, కొంత కోడలికి ఇచ్చి, మిగిలినది నడికట్టులో దోపుకుంది.