మావాడి మొదటి డ్రోన్

మావాడికి మొదటి డ్రోన్ కొనేటప్పుడు నేను చూసింది కెమెరా ఒక్కటే. తొలిరోజే గోడకు కొట్టుకుని రెండు రెక్కలు విరిగాయి, వాడి ముఖం చిన్నబోయింది. కెమెరా మాత్రం పదిలం, ఏం లాభం!

రెండోసారి అరచేతిలో ఇమిడే బుల్లి డ్రోన్ తెచ్చాను. రెక్కల చుట్టూ ప్లాస్టిక్ చట్రం, పెట్టెలోనే అదనపు రెక్కలు. అసలు వరం వేరే ఉంది: రిమోట్ వదిలేసినా అదే ఎత్తులో నిలబడుతుంది. లోపలి సెన్సర్ గాలి పీడనంలో తేడాను పసిగట్టి మోటార్ల వేగాన్ని సర్దుతుంది కాబట్టి, పిల్లవాడు దిశ చూసుకుంటే చాలు. బ్యాటరీ మాత్రం ఆరేడు నిమిషాలకే అయిపోతుంది. మళ్లీ ఛార్జింగ్ అయ్యేదాకా వాడి పోరు పడలేక ఇంకో రెండు బ్యాటరీలు కొన్నాను.

నిన్న వాడు దాన్ని కుర్చీ కిందుగా పోనిచ్చి బల్ల మీద దించాడు. నా వంతు వచ్చేసరికి కర్టెన్‌లో చిక్కుకుంది.