హంట్‌క్లిఫ్ ఫ్యాన్ హౌస్

మా బాపు గోదావరిఖనిలో సింగరేణి బాయి మీద ఫ్యాన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. మా వాడలో మిగతావాళ్లు లోపలికి దిగి బొగ్గు తీసేవాళ్లు. బాపు పైనే ఉండి, వాళ్లకు గాలి అందేలా చూసేవాడు. గాలి ఒత్తిడి చూపే వాటర్ గేజ్ చూడడం, రిజిస్టర్లో రాయడం, మళ్లీ చూడడం. నైట్ షిఫ్ట్‌లో నిద్ర రాదా అని ఒకసారి అడిగాను. "కింద మనుషులుంటరు బిడ్డా. ఫ్యాన్ ఆగితే అందరూ బయటికి రావాలె. నిద్రెట్ల వస్తది?" అన్నాడు.

పోయిన ఆదివారం సాల్ట్‌బర్న్ వెళ్లాను. ఇంగ్లండ్‌లో నేనుండే మిడిల్స్‌బ్రో నుంచి రైల్లో అరగంట. అక్కడ హంట్‌క్లిఫ్ కొండ ఎక్కి, సముద్రం అంచునే క్లీవ్‌లాండ్ వే కాలిబాట పట్టుకుని నడిస్తే, రైలు పట్టాల దగ్గర గడ్డిలో పైకప్పు లేని కట్టడం ఒకటి వస్తుంది. హంట్‌క్లిఫ్ ఇనుప గనికి గాలి ఆడించిన ఫ్యాన్ హౌస్. 1872లో కట్టారు, 1906 దాకా వాడారు. ఇప్పుడు రక్షిత కట్టడం.

ఈ చుట్టుపక్కల ఎస్టన్ కొండల్లో 1850లో ఇనుప రాయి పొర దొరికాకే మిడిల్స్‌బ్రో అంత పెద్ద ఊరైంది. చివరి గని నార్త్ స్కెల్టన్ 1964లో మూతపడింది. ఊళ్లో ఆ చరిత్ర చాలా చెబుతారు. గాలి సంగతి మాత్రం ఈ గోడల దగ్గరే తెలుస్తుంది.

లోపల ఫ్యాన్ లేదు. అది తిరిగిన చోటు మాత్రం ఉంది. రెండు గోడల మధ్య ఇరుకు సందు, అందులో గుండ్రంగా వంగిన కట్టుబడి. వీడియో కాల్ చేశాను. ఇక్కడ పొద్దున పదకొండు, అక్కడ మూడున్నర. బాపు కళ్లద్దాలు పెట్టుకుని రెండు క్షణాలు చూశాడో లేదో, "ఫ్యాన్ హౌసే గదా!" అన్నాడు. నేనింకా ఏమీ చెప్పనేలేదు.

గిబాల్ అనే బెల్జియం ఇంజనీరు చేసిన రకం ఇది. అంతకుముందు చాలా గనుల్లో షాఫ్ట్ అడుగున, అంటే గనిలోకి నిలువుగా దిగే గొయ్యి అడుగున, పొయ్యి మండించేవారు. వేడిగాలి పైకి లేస్తుంటే వెనకే కొత్త గాలి లోపలికి వచ్చేది. గిబాల్ ఫ్యాన్ ఆ పని నిప్పు లేకుండా చేసింది. తిరుగుతూ లోపలి చెడు గాలిని, మందుగుండు పొగను లాగేసి, పైకి పోనుపోను వెడల్పయ్యే చిమ్నీ గుండా వదిలేది. గాలి బయటికి పోయే దారిలో ఒక షట్టర్, ఎంత తెరవాలో సరిచూసుకోవడానికి. నేను ఇదంతా చెబుతుంటే బాపు మధ్యలోనే ఆపాడు.

"మా దాంట్ల గూడ గట్లనే వెడల్పుంటది. గాలి నెమ్మదై బయటికి పోవాలె. లేకుంటే ఫ్యాన్ మీద లోడ్ పడ్తది."

నూట యాభై ఏళ్ల కిందటి గోడను చూస్తూ తన మిషన్ గురించి మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు. నాకు గొంతు పట్టేసింది. బాపు పని గురించి నేనింతసేపు అడిగింది అదే మొదటిసారి.

ఇంతలో బౌల్బీ గని వైపు గూడ్స్ ఒకటి పోయింది. ఆ మోతకు మాట వినపడలేదు. అది దాటాక బాపు అడిగాడు, "షాఫ్ట్ ఎటు దిక్కున్నది? ఇంజన్ ఎక్కడ పెట్టిండ్రు? ఆపరేటర్ ఎక్కడ కూసునేటోడు?"

ఫోన్ పట్టుకుని గోడల చుట్టూ మళ్లీ మొదటి నుంచి నడవడం మొదలుపెట్టాను.