దండెం మీద చీటీలు: ఇంటి చదువులో ఆరు నెలల రాత

జూన్ రెండో వారంలో మొదలుపెట్టాం, ఇప్పుడు నవంబరు చివరికి వచ్చాం. మా పెద్దదానికి 11 ఏళ్ళు, చిన్నోడికి 9. ఇద్దరూ నల్లగొండలో మా ఇంట్లోనే చదువుకుంటారు. 14 ఏళ్ళు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయొచ్చు కాబట్టి ఇప్పుడే పరీక్షల తొందర లేదు. అయితే ఒక విషయం గురించి, పక్కింటివాళ్ళు చదివినా అర్థమయ్యేలా, నిజాలతో ఒక పేరా రాయడం మాత్రం ఇప్పుడే రావాలని నా పట్టు. వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాలు కూర్చుంటాం. అంతకు మించితే చిన్నోడికి చెయ్యి నొస్తుంది.

మొదటి నెల దాదాపు వృథా అయింది. మొదటి వాక్యంలో విషయం, తర్వాత మూడు వివరాలు, చివర ముగింపు అని పద్ధతి చెప్పాను. పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళొచ్చాక చిన్నోడు రాసింది ఇది: "ఛాయా సోమేశ్వరాలయం చాలా బాగుంటుంది. అది చాలా పాతది. అక్కడ నీడ చాలా వింతగా ఉంటుంది. అక్కడ మేము పులిహోర తిన్నాము. కాబట్టి అందరూ ఆ గుడి చూడాలి." నేను చెప్పిన లెక్క ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. విషయం ఉంది, మూడు వివరాలున్నాయి, ముగింపూ ఉంది. కానీ చదివినవాళ్ళకు ఆ గుడి గురించి ఒక్క ముక్క తెలియదు. పెద్దదాని పేరా కూడా ఇంతే, కాకపోతే అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పిల్లల చేతిలో ఖాళీ డబ్బా పెట్టి నింపమన్నది నేనే. అందులో వేయడానికి సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

జులైలో పద్ధతి మార్చాను. పేరాకు విషయం ఇవ్వడం మానేసి ప్రశ్న ఇచ్చాను. "గుడి గురించి రాయి" అనకుండా "ఆ నీడ పొద్దంతా ఒక్కచోటే ఉంటుందా?" అని అడిగాను. మళ్ళీ పానగల్లు పోయాం, ఒకే రోజు రెండుసార్లు. పొద్దున పదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి. లింగం వెనక గోడ మీద నిలువు నీడ ఎక్కడ పడుతుందో, రాళ్ళ అతుకును గుర్తు పెట్టుకుని పెద్దది నోటుబుక్కులో బొమ్మ గీసుకుంది. బయట చెట్టు నీడ పడమటి నుంచి తూర్పుకు మారింది, లోపలి నీడ మాత్రం ఉన్నచోటే ఉంది. ఎండ నేరుగా గర్భగుడిలోకి రావడం లేదని చిన్నోడు తనంతట తానే కనిపెట్టాడు. ఆ రోజు పేరా రాయడానికి ఇద్దరికీ 25 నిమిషాలు కూడా పట్టలేదు. ప్రశ్నకు జవాబు మొదటి వాక్యమైంది, ఆ సంగతి ఎలా తెలిసిందన్నది మిగతా వాక్యాలైంది. పులిహోర దానంతటదే పోయింది.

నోటుబుక్కు వాడే తీరు కూడా అప్పుడే కుదిరింది. ఎడమ పేజీ సరుకుకు, కుడి పేజీ పేరాకు. ఎడమ పేజీలో ప్రతి సంగతి పక్కన ఒక అక్షరం రాయాలి: చూసిందైతే 'చూ', కొలిచిందైతే 'కొ', చదివిందైతే 'చ', ఎవరో చెబితే విన్నదైతే 'అట'. మన భాషలో ఈ 'అట' ఎంత గొప్ప సాధనమో పిల్లలకు నేర్పుతుంటే గాని నాకు తెలిసిరాలేదు. "ఆ నీడ ఏ స్తంభానిదో ఎవరికీ తెలియదు" అని పెద్దది రాసింది. "నువ్వు అందరినీ అడిగినవా?" అన్నాను. కాసేపు ఆలోచించి "తెలియదట" అని దిద్దుకుంది. పేరాలో 'అట'లు రెండుకు మించితే ఇంకా చూడాల్సింది మిగిలి ఉందని మా ఇంట్లో లెక్క. "చాలా" అన్న మాటకు కూడా అలాంటి కట్టడే పెట్టాం: దాని చోట అంకెను గాని పోలికను గాని పెట్టాలి.

ఆగస్టులో సాగర్ గేట్లు ఎత్తారని తెలిసి బండి మీద వెళ్ళాం. ఇంటికొచ్చాక చిన్నోడు "నాగార్జునసాగర్ డ్యాం ఎత్తు 590 అడుగులు" అని రాశాడు. పక్కన 'చ' అని కూడా ఉంది, పేపర్లో చదివాడు. పేపర్లో వచ్చే 590 అడుగులు జలాశయం నిండినప్పుడు సముద్ర మట్టం నుంచి లెక్కగట్టే నీటి మట్టం. పునాది నుంచి డ్యాం ఎత్తు దాదాపు 124 మీటర్లు, అంటే 407 అడుగుల దాకా. రెండూ నిజమైన అంకెలే, కానీ ఎక్కడి నుంచి కొలిచారో చెప్పకపోతే రెండూ వాడికి పనికిరాలేదు. ఇది చెప్పడానికి గోడ దగ్గర కుర్చీ వేసి వాణ్ణి పైకెక్కించాను. "ఇప్పుడు నువ్వెంత ఎత్తున్నవ్?" అంటే, "కుర్చీ నుంచా, నేల నుంచా?" అని ఎదురడిగాడు. అంతే, అర్థమైపోయింది. అప్పటి నుంచి ఏ అంకె రాసినా పక్కన "ఎక్కడి నుంచి, ఎప్పుడు" అని చూసుకుంటున్నాడు. 26 గేట్లను మాత్రం తనే లెక్కపెట్టుకున్నాడు, అది 'చూ'. నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. ఆ తేదీని పేరాలోంచి తీసేయమన్నాను, వాడికి నచ్చలేదు. "డ్యాం నీళ్ళను ఎలా ఆపుతుంది" అన్న ప్రశ్నకు ఆ తేదీ జవాబు కాదు కదా. దాన్ని ఇంకో పేరాకు దాచిపెట్టుకోమన్నాను, ఎడమ పేజీలో ఇంకా అలాగే ఉంది.

వాక్యాల వరస కుదరడానికి దండెం పనికొచ్చింది. ఒక్కో వాక్యం ఒక్కో చీటీ మీద రాసి, వరండాలో బట్టలారేసే తీగకు క్లిప్పులతో తగిలిస్తారు. ముందు ఇద్దరూ తమ తమ వరసలో పెట్టి చదువుతారు, తర్వాత ఒకరి చీటీలు ఇంకొకరు కలిపేసి మళ్ళీ పెట్టాలి. అదే వరస మళ్ళీ వస్తే పేరా నిలిచినట్టే. వరస మారిందంటే "అందుకే", "అయితే", "ఆ తర్వాత" లాంటి మాట ఏదో పడాల్సిన చోట పడలేదన్నమాట. దిద్దిన పేజీని మళ్ళీ మొదటి నుంచి రాయమంటే ఏడుపు వచ్చేది. చీటీ జరపమంటే ఆటలా ఉంది.

సెప్టెంబరులో జొన్నరొట్టె గురించి రాయించాను. షరతు ఒక్కటే: రాసింది రాసినట్టు నేను చేస్తాను, నోరెత్తకూడదు. పెద్దది "గిన్నెలో పిండి పోసి, నీళ్ళు పోసి, పిసికి, ఉండ చేసి, తట్టి, పెనం మీద వేయాలి" అని ఒకే వాక్యంలో అంతా రాసేసింది. నేను చల్లనీళ్ళు పోసి పిసికాను. తట్టుతుంటే అంచులన్నీ పగిలి, ఎత్తబోతే రెండు ముక్కలైంది. మా అత్తమ్మ తలుపు దగ్గర నిలబడి "మసిలిన నీళ్ళు పొయ్యలేదా బిడ్డా?" అంది. పెద్దది తన కాగితం వైపు చూసుకుంది. గోధుమల్లో ఉండే గ్లూటెన్ జొన్నల్లో ఉండదు కాబట్టి పిండి దానంతటది అతుక్కోదు, వేడినీళ్ళు పడితే పిండిపదార్థం జిగటగా మారి పట్టుకుంటుంది. ఈ కారణం తెలిశాక అది రెండోసారి రాసినప్పుడు "మరిగే" అన్న మాట కింద గీత గీసింది. పెనం మీద వేశాక పైన తడి చేత్తో నీళ్ళు పూయడం కూడా చేర్చింది. ఆ రెండో పేరా ప్రకారం చేసిన నాలుగు రొట్టెల్లో మూడు గుండ్రంగా వచ్చాయి.

ఆ వాక్యం వల్లే ఇంకో సంగతి బయటపడింది. పోసి, పిసికి, చేసి, తట్టి అంటూ తెలుగులో ఎంత దూరమైనా పోవచ్చు, మాట్లాడేటప్పుడు అదే అందం. రాతలో మాత్రం ఏ పని ముఖ్యమో కనబడకుండా పోతుంది. వాక్యంలో అలాంటివి రెండుకు మించొద్దని అనుకున్నాం. "అది", "ఇది" అన్న మాటలకు సున్నా చుట్టి, అక్కడి నుంచి దేన్ని అంటున్నామో దానికి బాణం గీయాలి. బాణం ఎటు గీయాలో తోచకపోతే పేరే రాసేయాలి. ఈ దిద్దుబాటు నేను చేయను, అక్క పేరా తమ్ముడు, తమ్ముడి పేరా అక్క చూస్తారు. అక్టోబరంతా ఇదే సరిపోయింది.

ఈ నెల ప్రశ్న పెద్దది తనే తెచ్చుకుంది: మన దగ్గర బోరు నీళ్ళు తాగితే ఎముకలు ఎందుకు వంగేవి? కారణం ముందు, ఫలితం తర్వాత అని దండెం మీద వరస పెట్టింది. నేలలోని రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ నీళ్ళలో కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఇంకా ఎక్కువైతే కీళ్ళు బిగుసుకుపోతాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దింపి వడకట్టే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే ఉందని, ఇథియోపియా, టాంజానియా లాంటి దేశాల్లోనూ దాన్ని వాడారని తెలిసి, పెద్దది ఆ చీటీని ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక మూడు రోజులు అటూ ఇటూ జరిపింది. చివరికి అది వేరే ప్రశ్నకు జవాబని తీసి ఎడమ పేజీలో అంటించింది. నేను చెప్పకుండానే తనంతట తాను తీసేయడం ఇదే మొదటిసారి. పేరా ఏడు వాక్యాలు, ఒక్క 'అట'.

నిన్న సాయంత్రం దాన్ని అత్తమ్మకు చదివి వినిపించింది. అత్తమ్మ అంతా విని, "మరి ఫ్లోరిన్ నీళ్ళని తెలిసినంక మంచినీళ్ళు ఎక్కడికెళ్ళి తెచ్చుకున్నమో రాయలేదేందే?" అంది. ఇద్దరూ ఒకేసారి అడిగారు, "ఎక్కడికెళ్ళి, నానమ్మా? రోజుకు ఎన్ని బిందెలు?" చిన్నోడు లేచిపోయి నోటుబుక్కు తెచ్చాడు. ఎడమ పేజీలో మొదటి వరసలో "పొద్దున నాలుగు, సాయంత్రం మూడు, తల మీద" అని రాసి, పక్కన 'అట' అని పెట్టబోయి ఆగాడు. నానమ్మ మోసింది కదా, మరి దీనికి ఏ అక్షరం పెట్టాలని నన్నడిగాడు. రేపు ముగ్గురం కూర్చుని కొత్త అక్షరం ఒకటి అనుకోవాలి.