ఏం తెలియలేదో రాయడమే నా ఉద్యోగం

ఇన్నోవేషన్ కన్సల్టెంట్ అంటే ఏం చేస్తావని ఇంట్లో ఎవరడిగినా మొదటి ఆరు నెలలు నా దగ్గర సరైన జవాబు లేదు. నాయనమ్మ ఫోన్లో "గదేం కొలువు బిడ్డా, మిషన్లు చేస్తవా, కాగితాలు రాస్తవా?" అని అడిగితే కాగితాలే అన్నాను. ఆమెకు నచ్చలేదు. ఈ మధ్య ఎమ్మెస్సీ చేస్తున్న మనవాళ్లు చాలామంది ఇదే ప్రశ్న అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా.

మాది పోచంపల్లి దగ్గర ఊరు. హైదరాబాద్‌లో బీటెక్ మెకానికల్, తర్వాత బర్మింగ్‌హామ్‌లో ఏడాది ఎమ్మెస్సీ. 2023 సెప్టెంబర్‌లో డిసర్టేషన్ ఇచ్చేసి, చదువయ్యాక బ్రిటన్‌లోనే ఉండి పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకు నవంబర్‌లో అప్లై చేశాను. ఫీజు 822 పౌండ్లు, రెండేళ్ల హెల్త్ సర్‌ఛార్జ్ 1,248 పౌండ్లు, అప్పటిదాకా గిడ్డంగిలో రాత్రి షిఫ్టులు చేసి దాచిందంతా అక్కడికే పోయింది. డిజైన్ ఇంజినీర్ ఉద్యోగాలకు నూట ముప్పై దాకా అప్లికేషన్లు పెట్టాను. ప్రతి ఫారంలోనూ "ఇప్పుడు గానీ తర్వాత గానీ వీసా స్పాన్సర్‌షిప్ అవసరమా" అనే గడి ఉంటుంది, దానికి అవును అని టిక్ పెట్టిన పది నిమిషాలకే సారీ అని మెయిల్ వచ్చిన రోజులున్నాయి. ఆదివారం రాత్రి పదకొండింటికి కూడా వచ్చింది ఒకసారి, పాపం ఆ సాఫ్ట్‌వేర్‌కు సెలవుండదు కదా.

అలాంటప్పుడు కనిపించింది "గ్రాడ్యుయేట్ ఇన్నోవేషన్ కన్సల్టెంట్" అనే ప్రకటన. గోడ నిండా రంగు కాగితాలు అతికించి, మార్కర్ పట్టుకుని మాట్లాడే ఉద్యోగమనుకున్నాను. అలాంటివీ ఉన్నాయి, కానీ బ్రిటన్‌లో ఈ పేరుతో కొత్తగా డిగ్రీ అయినవాళ్లను తీసుకునే కంపెనీల్లో చాలావాటి పని వేరు. కొత్త టెక్నాలజీ మీద డబ్బు పెట్టే కంపెనీలకు ప్రభుత్వం పన్ను రాయితీ ఇస్తుంది, గ్రాంట్లు కూడా ఇస్తుంది. వాటికి కావలసిన సాంకేతిక నివేదిక రాయాలంటే ఇంజినీర్ చెప్పేది అర్థం కావాలి, అర్థమైంది మామూలు ఇంగ్లీషులో రాయగలగాలి. ఆ రెంటికీ మధ్య మనిషే ఈ కన్సల్టెంట్. 2024 ఏప్రిల్ 1 నుంచి మొదలయ్యే అకౌంటింగ్ ఏడాదులకు రాయితీ రేటు 20 శాతం, దాని మీద మళ్లీ పన్ను పోతుంది కాబట్టి లాభాల్లో ఉన్న కంపెనీకి అర్హత ఉన్న ప్రతి వంద పౌండ్ల ఖర్చుకు 15, 16 పౌండ్లు మిగులుతాయి. చిన్న ఫ్యాక్టరీకి అది చిన్న మాటేం కాదు.

మొదట ఇంటర్వ్యూకి పిలిచిన కంపెనీ పేరు చెప్పను. పెద్ద హాల్లో ముప్పై మంది హెడ్‌సెట్లు పెట్టుకుని ఫోన్లు చేస్తున్నారు, ఎవరైనా కొత్త క్లయింట్‌ను పడితే గంట కొడుతున్నారు. నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఒక బేకరీ ఓనర్‌ని నీ బ్రెడ్ కూడా ఆర్ అండ్ డీయే (పరిశోధన, అభివృద్ధే) అని ఎలా ఒప్పిస్తావు? నేను, ముందు ఆ బ్రెడ్‌లో కొత్తగా ఏముందో అడుగుతానండీ అన్నాను. నవ్వి, మన ఫీజు క్లయింట్‌కు వచ్చే రాయితీలో శాతం లెక్కన ఉంటుంది, కొత్తదనం మనం చూసుకుంటాం అన్నారు. అప్పటికి నేను చదివింది తక్కువే, అయినా ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. తర్వాత తెలిసిందేమంటే, 2020-21లో ఈ పన్ను రాయితీల కింద ఇచ్చిన దానిలో 16.7 శాతం తప్పులూ మోసాలేనని పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ లెక్క కట్టింది. అందుకే 2023 ఆగస్టు 8 నుంచి ప్రతి క్లెయిమ్‌కూ అదనపు సమాచారం ఫారం తప్పనిసరి చేశారు. అసలు ఏం తెలియక ఆ పని మొదలుపెట్టారు, దాన్ని ఎలా ఛేదించబోయారు అని అందులో రాయాలి. నాకు ఉద్యోగం వచ్చింది ఒకరకంగా ఆ ఫారం పుణ్యమే, ఫోన్లు చేసేవాళ్ల అవసరం తగ్గి రాసేవాళ్ల అవసరం పెరిగింది.

రెండో కంపెనీ చిన్నది, ఇరవై మంది కూడా ఉండరు. ముందు రికార్డింగ్ ఇంటర్వ్యూ: స్క్రీన్ మీద ప్రశ్న వస్తుంది, ముప్పై సెకన్లు ఆలోచించి రెండు నిమిషాలు మన ముఖాన్ని మనమే చూసుకుంటూ మాట్లాడాలి. ఇంతకన్నా నరకం లేదు. అది గట్టెక్కాక రాత పరీక్ష. నలభై ఐదు నిమిషాలు, ఒక పేజీ. మీకు బాగా తెలిసిన ఒక ఆవిష్కరణ గురించి ఆ రంగం తెలియని మనిషికి అర్థమయ్యేలా రాయండి, అందులోని సాంకేతిక అనిశ్చితి (ఎలా చెయ్యాలో ముందుగా తెలియని చిక్కు) ఏమిటో చెప్పండి.

డిసర్టేషన్ టాపిక్ రాద్దామని మొదలుపెట్టి నాలుగు వాక్యాలకే ఆగిపోయాను. నాకే బోర్ కొట్టింది. అంతా కొట్టేసి ఆసు మిషన్ గురించి రాశాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. మా వైపు పట్టుచీర మగ్గమెక్కక ముందు పేక దారాన్ని లెక్క ప్రకారం పరిచి, డిజైన్ పడాల్సిన చోట కట్లు కట్టి రంగులో ముంచాలి. ఆ పరచడమే ఆసు పోయడం. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, దారం ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడ మేకు చుట్టి మళ్లీ ఇక్కడికి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. పని ఇంట్లో ఆడవాళ్లది. మా నాయనమ్మ కుడి చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు, జడ ఎడమ చేత్తోనే వేసుకుంటుంది. శారాజీపేట చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో మిషన్ పని మొదలుపెట్టి 1999కి పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టేది గంటన్నరకు దిగింది.

ఇదంతా రాసి, ఇంతకీ అనిశ్చితి ఎక్కడుంది అని ఆలోచిస్తే చెమటలు పట్టాయి. ఆడవాళ్ల భుజాలు నొప్పి పుట్టడం సమస్యే గానీ సాంకేతిక అనిశ్చితి కాదు. చెయ్యిలా ముందుకూ వెనక్కూ కదిలే మిషన్ చెయ్యడం కూడా కాదు, అది ఏ మెకానిక్కైనా చేస్తాడు. చిక్కంతా మేకు దగ్గర. దారం తెగకుండా, వదులవకుండా ఒక మేకును చుట్టి పక్క మేకుకు జరగాలి. మనిషి వేళ్లకు అది ఆలోచన లేకుండా వచ్చేస్తుంది, మిషన్‌కు ఎలా నేర్పాలో తెలియదు. అది చెప్పే పుస్తకమూ లేదు. చివరి పది నిమిషాల్లో ఆ పేరా ఒక్కటే రాశాను, మిగతా పేజీ అంతా వృథా అనిపించినా దిద్దే టైం లేదు.

ప్యానెల్ ఇంటర్వ్యూలో నా పేజీ వాళ్ల ముందుంది. ఆ చివరి పేరా చుట్టూ పెన్నుతో గీసి ఉంది. తర్వాత ఒకావిడ క్లయింట్‌లా నటించి "మేం ప్రత్యేకంగా ఏమీ చెయ్యం బాబూ, పంపులు చేస్తాం" అంది. ఇక్కడ నేను తిప్పి తిప్పి గొప్ప ప్రశ్నలు అడగబోయి తడబడ్డాను. ఆఖరికి విసుగొచ్చి, పోయినేడాది మీకు బాగా తలనొప్పి తెచ్చిన పంపు ఏది అని అడిగాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, ఆ, దాని గురించైతే చెప్తాను అంది. ఉద్యోగం ఆ ప్రశ్నతో వచ్చిందని తర్వాత ఆమే చెప్పింది, ఇప్పుడామె నా మేనేజర్.

2024 మార్చిలో చేరాను, జీతం 28,000 పౌండ్లు. సరిగ్గా తర్వాతి నెల 4న కంపెనీ స్పాన్సర్ చేస్తే వచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకు ఉండాల్సిన కనీస జీతం 26,200 నుంచి 38,700కి పెరిగింది, కొత్తగా చేరేవాళ్లకు 30,960. చేరిన మూడో వారంలో టెన్షన్‌తో నిద్ర లేదు. స్పాన్సర్‌షిప్ గురించి ప్రొబేషన్ ఆరు నెలలు అయ్యాక మాట్లాడదాం అన్నారు, మాట్లాడుతూనే ఉన్నాం. గ్రాడ్యుయేట్ వీసా మీద చేరేవాళ్లెవరైనా ఈ సంగతి మొదటి రోజే మెయిల్‌లో అడగండి, నాలాగా మొహమాటపడకండి. టెక్నికల్ పనే కావాలి, కన్సల్టింగ్ వద్దు అనుకునేవాళ్లు నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పార్ట్‌నర్‌షిప్ ప్రకటనలు కూడా చూడండి, యూనివర్సిటీ ఉద్యోగిగా ఉంటూ ఒక కంపెనీలో ప్రాజెక్టు నడిపే ఏర్పాటు అది, మన ఎమ్మెస్సీ వాళ్లకు దాని గురించి ఎవరూ చెప్పరు.

నా మొదటి రిపోర్టు ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. "వినూత్నమైన" అని ఆరుచోట్ల రాశాను, ఆరూ మా మేనేజర్ కొట్టేసింది. ఇది నువ్వు చెప్పకూడదు, చదివేవాడికి అనిపించాలి అని పక్కన రాసింది. ఇంకోచోట "బృందం ఎన్నో సవాళ్లను విజయవంతంగా అధిగమించింది" అని రాస్తే, ఏ సవాలు? ఏ తారీఖున? అధిగమించకపోతే అదే రాయి. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. చిన్నప్పటి నుంచి తప్పయిన లెక్కను కనబడకుండా కొట్టేసి కొత్త పేజీలో చేసినవాళ్లం మనం, ల్యాబ్ రికార్డుల్లో రీడింగులు రావాల్సిన జవాబు నుంచి వెనక్కి లెక్కగట్టి వేసినవాళ్లం. ఇక్కడ ఆ కొట్టేసిన పేజీకే విలువ. సమర్థుడైన నిపుణుడు కూడా తేలిగ్గా ఊహించలేనిది అయితేనే నిబంధన ప్రకారం అది ఆర్ అండ్ డీ, ప్రయత్నం ఫెయిలైనా సరే లెక్కలోకి వస్తుంది.

పోయిన నెల బర్మింగ్‌హామ్ దగ్గరి వాల్సాల్‌లో ఒక పాత ఫౌండ్రీకి ఒంటరిగా మొదటిసారి వెళ్లాను. అరవై దాటిన పెద్దాయన, చేతులు కట్టుకుని, మేం పోత పోస్తాం అంతే, నలభై ఏళ్లుగా అదే అన్నాడు. టీ ఇచ్చాడు, పాలెక్కువ. పోయినేడాది ఎక్కువగా పాడైపోయినవి ఏవండీ అని అడిగాను. కాసేపు నా వైపు చూసి లేచి షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. తుప్పు పట్టిన ఇనుప డబ్బా, దాన్నిండా పలుచటి అల్యూమినియం పోతలు, అడ్డంగా కోసినవి. ఒకటి తీసి చేతిలో పెట్టాడు. కోసిన చోట ఇడ్లీలో ఉన్నట్టు సన్నటి చిల్లులు. ఒక్కోదాని మీద చాక్‌తో తేదీ, లోహం వేడి ఎంతో రాసి ఉంది, పద్నాలుగు నెలలవి. ఇవి పారేద్దామనుకుంటున్నా, పనికొస్తాయా అన్నాడు. పారేయకండి అని, కోటు తీసి పక్కన పెట్టి, డబ్బాలోవి ఒక్కొక్కటే నేల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టాను.