కనుమ నాడు దేవుళ్ళు పొలాల మీద నడిచే చోట

కనుమ నాడు కాకైనా కదలదంటారు. పండక్కి వచ్చిన అల్లుళ్ళు కూడా ఆ రోజు ఊరు దాటకుండా మినప గారెలు తిని పడుకుంటారు. కోనసీమలో మాత్రం సరిగ్గా ఆ రోజే 11 ఊళ్ళ శివుళ్ళు గుళ్ళు వదిలి బయలుదేరతారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థాన్నే చూపించారు (తీర్థమంటే అక్కడ జాతర), అప్పటి నుంచి నాకు మనసులో ఉంది, ఈసారి కుదిరింది.

మాది వరంగల్ వైపు. సంక్రాంతికి మా ఐనవోలు మల్లన్న జాతరకు జనం బండ్లు కట్టుకుని పోతారు, దేవుడి దగ్గరికి మనమే పోవాలి. ఇక్కడ అది తిరగబడింది. దేవుళ్ళంతా కలిసేది అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట అనే కొబ్బరి తోటలో. అక్కడ గుడి లేదు, గోపురం లేదు, చెట్లే!

సంక్రాంతికి రైలు టికెట్ టెన్షన్ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని వదిలేస్తా. రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో గంగలకుర్రు చేరాను, అక్కడ మా ఆఫీసు స్నేహితుడి ఇల్లు. దారిలో అంబాజీపేటలో ఆగి పొట్టిక్కలు తిన్నాను. పనసాకుల బుట్టల్లో ఉడికించిన ఇడ్లీపిండి అంతే, కానీ ఆ ఆకు వాసన కోసం మళ్ళీ వెళ్ళొచ్చు.

ప్రభ అంటే నేను లైట్లు పెట్టిన బండి లాంటిది అనుకునేవాణ్ణి. కాదు. వెదుర్లను అర్ధచంద్రంలా వంచి కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, గంటలు, పూలదండలు వేలాడదీసి, కొత్త వరికంకులు కూడా గుచ్చుతారు. మధ్యలో ఉత్సవమూర్తిని కూర్చోబెడతారు. చక్రాలుండవు, మొత్తం మనుషుల భుజాల మీదే. ఊళ్ళో ఏ ఉద్యోగం చేసేవాడైనా, హైదరాబాద్ నుంచి వచ్చినవాడైనా, ఆ రోజు తువ్వాలు భుజాన మడత పెట్టుకుని వచ్చేశాడు. ఏ కర్ర కింద ఎవరు పట్టాలన్నది పెద్దవాళ్ళు చెబుతున్నారు, పొడుగు వాళ్ళు ఒక పక్క చేరితే ప్రభ ఒరిగిపోతుందట. "ఆశ్శరభ శరభ" అని ఒక్క కేక, ప్రభ లేచింది, గంటలన్నీ ఒక్కసారి మోగాయి. అక్కడి నుంచి డప్పులు, గరగల నాట్యం, బాణాసంచా.

నాకు అసలు తీర్థం తోటలో కనపడలేదు, దారిలో కనపడింది. ప్రభను ఒకసారి ఎత్తాక వెనక్కి తిప్పకూడదని వాళ్ళ నియమం. రోడ్డు చుట్టు తిరిగి పోతుంది కదా అని అడిగితే మా వాడి బాబాయి గారు నవ్వి "దేవుడికి రోడ్డెందుకండి" అన్నారు. నిజంగానే కొబ్బరి తోటల్లోంచి, గట్లు దాటి, నేరుగా వరిచేలలోకి దిగారు. జనవరి అంటే వానాకాలపు సార్వా కోతలయ్యి రెండో పంట దాళ్వా నాట్లు పడే రోజులు, లేత పచ్చటి మళ్ళు. వాటి మీంచి అంతమంది మోకాలి లోతు బురదలో ప్రభను మోసుకుంటూ పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది, ఎవరి పంటో ఏమో అని. గట్టు మీద దండం పెట్టుకుని నిలబడ్డాయన్ని అడిగాను. "మా చేనేనండి. ఈ ఏడు మా మీదుగా వచ్చాడు, ఇంకేం కావాలండి, ఆయ్" అన్నాడు. స్వామి తొక్కిన చేను బాగా పండుతుందని నమ్మకం. పండుతుందో లేదో నేను వాదించను. గట్టు జానెడు జరిగితే కోర్టుకెళ్ళే మన రైతు, ఆ మొహంతో నిలబడటం చూశాను, అది చాలు.

తర్వాత కౌశిక నది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు దాన్ని దాటే తోటకి చేరాలి. నీళ్ళలోకి దిగగానే డప్పు వేగం పెరిగింది, రెండు గట్ల మీద జనం ఊపిరి బిగబట్టారు. ముందువాళ్ళు గుండెల దాకా మునిగి, చేతులు పైకి చాపి మోస్తున్నారు, ప్రభ ఒక పక్కకి ఊగినప్పుడల్లా "అమ్మో" అని ఒక అల లాంటి కేక. అవతలి గట్టు ఎక్కించాక మోసినవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు.

తోటలో ప్రభలన్నీ వరసగా నిలబడతాయి. మొసలపల్లి భోగేశ్వరుడు ఇంటివాడు, అందరికంటే ముందే వచ్చి అందరినీ సాగనంపాకే కదులుతాడని చెప్పారు. వ్యాఘ్రేశ్వరం స్వామి వస్తుంటే మిగతా ప్రభలను ఒక్కసారి పైకెత్తుతారు, పెద్దవాళ్ళు వస్తే మనం లేచి నిలబడమూ, అదే మర్యాద. ఈ పదకొండు మంది శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులు, లోకం బాగు గురించి మాట్లాడుకోవడానికి ఏటా కలుస్తారని అక్కడి నమ్మకం. అంత చప్పుడులో ఏం మాట్లాడుకుంటారో మరి! ఒక మూల డీజే కూడా పెట్టారు, అది నాకైతే నచ్చలేదు, తాళాలకి అడ్డం తప్ప దేనికి? జీళ్ళు, ఖర్జూరాలు, రంగులరాట్నాలు, బెలూన్లు, పిల్లల బూరలు మాత్రం ఉండాల్సిందే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక మాట. కారు తోట దాకా పోనివ్వరు, నడక తప్పదు, పాత చెప్పులే వేసుకోండి. మధ్యాహ్నానికే కౌశిక గట్టు మీద చోటు చూసుకోండి, తోట తర్వాతైనా చూడొచ్చు. చుట్టుపక్కల లాడ్జీలు నమ్ముకోకండి, తెలిసినవాళ్ళ ఇల్లుంటే మొహమాటపడకుండా అడిగేయండి.

రాత్రి బట్టల బురద ఉతుక్కుంటుంటే మా వాడి అమ్మగారు "రేపు ముక్కనుమ బాబూ, కోడికూర తినకుండా ఎలా వెళ్తావు" అన్నారు. మర్నాటి టికెట్ క్యాన్సిల్ చేసేశాను.